కింద పడ్డా పైచేయి: మొదటి గార్డ్‌గా హాఫ్ గార్డే ఎందుకు నేర్పాలి

ముప్పై దాటాక బ్రెజీలియన్ జియు-జిట్సు, అంటే నేల మీద పట్లతో పోరాడే కుస్తీ లాంటి విద్య, నేర్చుకోవడానికి వచ్చే మనిషికి మొట్టమొదట నేర్పవలసిన గార్డ్ హాఫ్ గార్డ్ అని నేను నమ్ముతున్నాను. చాలా చోట్ల అలా నేర్పరు. మొదటి నెలలో క్లోజ్డ్ గార్డ్ చెబుతారు, అందులోంచి ఆర్మ్‌బార్ (మోచేతిని విరిచే పట్టు), ట్రయాంగిల్ (కాళ్ళతో మెడను బిగించే పట్టు) చెబుతారు, రెండు మూడు స్వీప్‌లు (పైవాణ్ణి తిరగేసే కదలికలు) చెబుతారు. హాఫ్ గార్డ్ వంతు నాలుగైదు నెలల తర్వాత వస్తుంది, అదీ "ఇక్కడ చిక్కుకుంటే ఇలా బయటపడాలి" అన్న పద్ధతిలో వస్తుంది. నాకూ అదే క్రమంలో చెప్పారు, ఆ క్రమం వల్ల నేను దాదాపు ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను. తర్వాత రెండేళ్ళు ఈ ఒక్క స్థితినే పట్టుకుని కూర్చున్నాను. నా వాదనకు ఆధారం ఆ మూడేళ్ళే.

జియు-జిట్సు తెలియని వారికి ముందు గార్డ్ అంటే ఏమిటో చెప్పాలి. మన కుస్తీలో వీపు మట్టికి తగిలితే ఆట ముగిసినట్టే. హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో దాన్ని "చిత్" అంటారు, ఆ మాట వినపడ్డాక ఇంక వాదన ఉండదు. అంతర్జాతీయ కుస్తీలోనూ రెండు భుజాలు మ్యాట్‌కు ఆనిస్తే గెలుపు ఖాయం. మన భాష కూడా ఇదే లెక్కన నడుస్తుంది: మట్టి కరిపించాడంటాం, వెల్లకిలా పడగొట్టాడంటాం, పైచేయి సాధించాడంటాం. "కింద పడ్డా నాదే పైచేయి" అన్న సామెతను ఓటమి ఒప్పుకోని మొండివాణ్ణి ఎత్తిపొడవడానికి వాడతాం. బ్రెజిల్ వాళ్ళు ఈ లెక్కను మార్చేశారు. కింద ఉన్నవాడి కాళ్ళు పైవాడికి అడ్డంగా ఉన్నంతసేపూ వాడు ఓడినట్టు కాదని వాళ్ళు తేల్చారు. ఆ కాళ్ళ అడ్డుకే పోర్చుగీసులో గ్వార్డా అని పేరు పెట్టారు. పోటీల నియమాలు కూడా దీన్నే అనుసరిస్తాయి. పైవాడు ఆ కాళ్ళను దాటి పక్కకు వచ్చి నిలదొక్కుకుంటే అతనికి 3 పాయింట్లు వస్తాయి. కిందివాడు గార్డ్‌లోంచి అతన్ని తిరగేసి తాను పైకి వస్తే ఇతనికి 2 పాయింట్లు వస్తాయి. గార్డ్ లోపల ఊరికే పైన ఉన్నందుకు ఎవరికీ ఏమీ రాదు.

క్లోజ్డ్ గార్డ్‌లో కిందివాడు రెండు కాళ్ళనూ పైవాడి నడుము చుట్టూ చుట్టి, వీపు వెనుక చీలమండలను మెలివేసి బిగిస్తాడు. హాఫ్ గార్డ్‌లో నడుము దొరకదు. పైవాడి ఒక కాలు మాత్రమే మన రెండు కాళ్ళ మధ్య ఉంటుంది, రెండో కాలు అప్పటికే మనల్ని దాటేసి ఉంటుంది. "హాఫ్" అన్న మాట అక్కణ్ణించే వచ్చింది. పోర్చుగీసులోనూ దాన్ని మెయా గ్వార్డా, అంటే సగం గార్డ్, అనే అంటారు.

క్లోజ్డ్ గార్డ్‌ను మొదట నేర్పడానికి గట్టి కారణాలే ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. 1914లో బ్రెజిల్ చేరిన జపాన్ జూడో నిపుణుడు మిత్సుయో మయేదా దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్న విద్య, ఆ తర్వాత అతని తమ్ముడు ఎలియో చేతుల్లో, బరువు తక్కువగా ఉన్నవాడు బరువైనవాడి కింద పడి కూడా నిలబడగలిగే విద్యగా పదును తేలింది. అందుకు పనిముట్టు ఆ బిగిసిన కాళ్ళే. 1994 డిసెంబరులో అమెరికాలోని టుల్సా నగరంలో, వేర్వేరు యుద్ధవిద్యల వాళ్ళు తలపడే యూఎఫ్‌సీ నాలుగో పోటీ ఫైనల్లో ఎలియో కొడుకు రాయిస్ గ్రేసీ, తనకంటే ముప్పై కిలోలకు పైగా బరువున్న కుస్తీ యోధుడు డాన్ సెవర్న్ కింద పావుగంటకు పైగా ఉండి, చివరికి కాళ్ళతో మెడకు ట్రయాంగిల్ వేసి గెలిచాడు. ఆ పోరాటం చూసినవాళ్ళు క్లోజ్డ్ గార్డ్‌ను ఈ విద్యకు గుండెకాయ అనుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ అలాగే అనుకునే చేరాను.

అయితే రాయిస్ గ్రేసీ ఆ గార్డ్‌లోనే పుట్టి పెరిగినవాడు. నేను 2021లో, ముప్పై ఏడేళ్ళ వయసులో, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగం నుంచి నేరుగా మ్యాట్ మీదకు వచ్చాను. మా నాన్నగారు డెబ్బై రెండేళ్ళ వయసులోనూ బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని భోజనం చేస్తారు. నాకు పది నిమిషాలు అలా కూర్చుంటే తుంటి పట్టేసేది. నా బరువు 68 కిలోలు, కాళ్ళు పొట్టివి. తొంభై కిలోల మనిషి నడుము చుట్టూ అవి అందడమే కష్టం, అందినా అతను మోకాళ్ళ మీంచి పైకి లేచేసరికి చీలమండల మెలిక విడిపోయేది. మెలిక విడిపోయాక అతను నా ఒక తొడను మోకాలితో నేలకు అదిమి, దాని మీదుగా జారుతూ దాటేవాడు. దాటుతున్న ఆ చివరి క్షణంలో ఏదో ఒకటి పట్టుకోవాలన్న తాపత్రయంతో అతని రెండో కాలిని నా కాళ్ళ మధ్య ఇరికించేవాణ్ణి. అంటే క్లోజ్డ్ గార్డ్‌తో మొదలైన ప్రతి రోల్ (సాధనలో ఇద్దరు నిజంగా తలపడే ఆట) ఒకటి రెండు నిమిషాల్లో హాఫ్ గార్డ్‌లోకి వచ్చి ఆగేది, ఆ హాఫ్ గార్డ్‌లో ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు.

నాకు ఒక్కడికే ఇలా జరిగిందనుకోకండి. కొత్తగా చేరినవాళ్ళ రోల్‌లను పక్కన కూర్చుని ఒక నెల పాటు శ్రద్ధగా చూశాను. కింద పడినవాడు ఎక్కువ సేపు ఉండేది క్లోజ్డ్ గార్డ్‌లోనూ కాదు, పేరున్న మరే గార్డ్‌లోనూ కాదు. సగం దాటేసిన కాళ్ళ మధ్య, సగం ఓడిన స్థితిలో ఉంటాడు. కొత్తవాడు కోరుకున్నా కోరుకోకపోయినా చేరే చోటు అది. ఇల్లు మారినవాడికి ఊళ్ళో వింతలు చూపించే ముందు వీధి మలుపు చూపించాలి. కొత్తవాడు రోజుకు పదిసార్లు చేరే చోటును వదిలేసి, నెలకు ఒకసారి కూడా నిలబెట్టుకోలేని చోటు గురించి అతనికి వారాల తరబడి పాఠం చెప్పడం అతని సమయానికి అన్యాయం చేయడమే.

ఈ స్థితిని ఓటమికి ముందు మజిలీగా చూసే అలవాటు కొత్తది కాదు. 1990లకు ముందు రియోలో కూడా దాన్ని అలాగే చూసేవారు. దాటుతున్నవాణ్ణి కొద్దిసేపు ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పూర్తి గార్డ్‌లోకి తెచ్చుకోవాలని చూసేవారు, కుదరకపోతే దాటిపోనిచ్చేవారు. ఆ చూపును మార్చినవాడు గ్రేసీ బాహా అనే శిక్షణశాలలో కార్లోస్ గ్రేసీ జూనియర్ దగ్గర సాధన చేసిన రొబెర్టో కొరేయా. అందరూ అతన్ని గోర్డో అంటారు, అంటే లావుపాటివాడని. మోకాలికి దెబ్బ తగలడం వల్ల అతను తన మామూలు గార్డ్ ఆడలేకపోయాడు. సాధన మానేయడం ఇష్టం లేక, ఆ దెబ్బ తగిలిన కాలికి భారం పడకుండా పక్కకు తిరిగి పడుకుని, పైవాడి ఒక కాలిని పట్టుకుని ఆడడం మొదలుపెట్టాడు. అలా ఆడుతూ ఆడుతూ అక్కడి నుంచి స్వీప్‌లు కట్టాడు. తర్వాత తరాల్లో లూకస్ లేయిటే ఆ స్థితి నుంచి లేచి పైవాడి వీపు వెనక్కు చేరే ఆటను పెంచాడు. బెర్నార్డో ఫారియా పైవాడి కిందికి పూర్తిగా దూరిపోయే డీప్ హాఫ్ గార్డ్‌ను తన ప్రధాన ఆయుధాల్లో ఒకటిగా చేసుకుని, 2015 ప్రపంచ పోటీల్లో బరువుతో నిమిత్తం లేని ఓపెన్ విభాగాన్నే గెలిచాడు. ఒంటికి తగిలిన దెబ్బ వల్ల పుట్టిన ఆట ఇది. కాబట్టి అది దెబ్బలు తగిలిన ఒళ్ళకు, బిగుసుకుపోయిన ఒళ్ళకు, ఆలస్యంగా మొదలుపెట్టిన ఒళ్ళకు నప్పడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు.

గోర్డో కథ విన్నాక నేను చేసిన పని మాత్రం తప్పుడు పని, దాన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో ఈ విద్య నేర్చుకునే చాలామంది ఇదే తప్పు చేస్తున్నారు. మన దగ్గర పై బెల్టుల వాళ్ళు, అంటే పై స్థాయికి చేరినవాళ్ళు, తక్కువ. ఉన్న ఒకరిద్దరి దగ్గర పదిహేను ఇరవై మంది ఉంటాం. అందుకని మిగతాది వీడియోల్లో వెతుక్కుంటాం. వీడియోల్లో ఎవరైనా చూపించేది స్వీప్‌నే. చూపించే మనిషి అప్పటికే పక్కకు తిరిగి, తల సరిగ్గా పెట్టుకుని, చేయి దూర్చాల్సిన చోట దూర్చి ఉంటాడు. పాఠం అక్కణ్ణించి మొదలవుతుంది. నేను ఆరు స్వీప్‌లు కంఠస్థం చేశాను. ఎదురు తిరగని భాగస్వామి మీద ఆరూ చక్కగా వచ్చేవి. రోల్‌లో ఒక్కటీ రాలేదు, ఎందుకంటే ఆ వీడియో ఎక్కడ మొదలవుతుందో ఆ చోటికి నేను ఒక్కసారి కూడా చేరలేదు. పైవాడు తన రొమ్మును నా రొమ్ము మీద వేసి, నా దవడ కింద తన భుజాన్ని గుచ్చి, నన్ను వెల్లకిలా అప్పడంలా పరిచేసేవాడు. ఒకసారి పరిచేశాక కింద ఉన్నది హాఫ్ గార్డ్ అనడానికి వీల్లేదు. నా కాళ్ళు అతని కాలిని పట్టుకుని ఉన్న మాట నిజమే, కానీ ఆ పట్టు అతను దాటడాన్ని కొద్దిసేపు ఆపడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు.

ఒక సాయంత్రం మా కోచ్ నా పక్కన కూర్చుని చాలాసేపు చూశారు. నాకంటే పదేళ్ళు చిన్నవారు, అయినా నన్ను మన్నించే మాట్లాడతారు. "అన్నా, స్వీప్ సంగతి మర్చిపోండి. మూడు నెలలు ఒక్క స్వీప్ కూడా వేయొద్దు. వెల్లకిలా పడకుండా ఉండడం ఒక్కటే మీ పని. పడితే మళ్ళీ పక్కకు తిరగండి. అంతే," అన్నారు. నాకు ఆ మాట రుచించలేదు. మూడు నెలలు ఏ ఫలితమూ లేని పని చేయమన్నట్టు అనిపించింది. కానీ మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. ఈ విద్యలో నాకు దొరికిన సలహాలన్నిటిలోనూ అంత విలువైనది మరొకటి లేదు.

పక్కకు తిరగడం అంటే ఏమిటో కొంచెం నిదానంగా చెప్తాను. పైవాడి కుడికాలు నా కాళ్ళ మధ్య ఉందనుకోండి. అప్పుడు నేను నా కుడి తుంటి మీద పడుకోవాలి, అతనికి ఎదురుగా. వీపు నేలకు ఆనకూడదు, ఆనినా ఒక్క భుజం మాత్రమే ఆనాలి. ఇలా పడుకున్నవాడి మీద బరువు వేయడం కష్టం. వెల్లకిలా ఉన్న ఒళ్ళు పరిచిన చాప లాంటిది, దాని మీద ఎక్కడ కూర్చున్నా బరువంతా దిగుతుంది. పక్కకు తిరిగిన ఒళ్ళు నిలబెట్టిన పలక లాంటిది, దాని అంచు మీద ఎవరూ స్థిరంగా కూర్చోలేరు. ఊపిరి కూడా పక్కకు తిరిగినప్పుడే అందుతుంది. మొదటి నెలలో నేను గమనించిన మార్పు అదే. గెలుపు ఓటముల్లో తేడా లేదు, కానీ ఐదు నిమిషాల రోల్ ముగిశాక మాట్లాడగలిగే ఊపిరి మిగిలేది.

పైవాడికీ ఈ సంగతి తెలుసు. అందుకే అతని మొదటి పని నా తల మీద ఉంటుంది. తన ఎడమ చేతిని నా మెడ కిందుగా పోనిచ్చి, భుజంతో నా దవడను అవతలివైపుకు నెడతాడు. దీన్ని క్రాస్‌ఫేస్ అంటారు. ముఖం ఎటు తిరిగితే భుజాలు అటు తిరుగుతాయి, భుజాలు ఎటు తిరిగితే నడుము అటు తిరుగుతుంది. ఎద్దు మెడ మీద కాడి వేసి తిప్పినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి హాఫ్ గార్డ్‌లో మొదటి పోరాటం కాళ్ళతో జరగదు, తల కోసం జరుగుతుంది. అతని ఆ చేయి నా మెడ కిందికి చేరకముందే నా కుడి చేత్తో అతని చేతి కండ దగ్గర ఆపాలి. ఆలస్యమైతే నా ముంజేతిని అతని గొంతుకూ భుజానికీ మధ్య దూలం కింద పెట్టిన ఊతంలా నిలబెట్టాలి. ఇక్కడ కండబలంతో నెట్టకూడదు. నెట్టే చేయి రెండు నిమిషాల్లో అలసిపోతుంది, ఎముకను ఎముక కింద నిలబెట్టిన చేయి అలసిపోదు. ఆ తేడా ఒంటికి తెలియడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

మోకాలి అడ్డు ఇంకో రక్ష. పైనున్న ఎడమ మోకాలిని అతని రొమ్ముకు అడ్డంగా పెట్టి, పాదాన్ని అతని తుంటి దగ్గర కొక్కెంలా ఉంచితే అతను దగ్గరకు రాలేడు. మా దగ్గర సాధన చేసే ఒక వైద్య విద్యార్థిని 52 కిలోల బరువు ఉంటుంది. తనకంటే ముప్పై కిలోలు ఎక్కువ ఉన్నవాళ్ళను ఈ మోకాలితో నిమిషాల తరబడి దూరంగా ఉంచుతుంది. ఆమెను అడిగితే, "మోకాలు నెట్టదు అన్నా, నా తుంటి నెడుతుంది," అంది. అది నిజం. మోకాలు ఒక్కటే అడ్డం పెట్టి తుంటిని వదిలేస్తే, పైవాడు ఆ మోకాలిని రెండు చేతులతో పట్టుకుని నేలకు అదిమేస్తాడు. తుంటిని వెనక్కు లాక్కుంటూ, అతను కదిలిన ప్రతిసారీ దూరాన్ని సరిచేసుకుంటూ ఉంటేనే ఆ అడ్డు బతికి ఉంటుంది. నాకు ఇది ఇప్పటికీ ఆమెకు వచ్చినంత బాగా రాదు, నా తుంటి అంత వదులుగా లేదు.

ఇక పైచేయి విషయం. పక్కకు తిరిగి, తల కాపాడుకున్నాక, నా ఎడమ చేయి అతని కుడి చంక కిందుగా దూరి అతని వీపు మీదికి చేరాలి. దీన్ని అండర్‌హుక్ అంటారు. మాటను బట్టి చూస్తే అది కింది నుంచి వెళ్ళిన చేయి, పనిని బట్టి చూస్తే అదే పైచేయి. ఆ చేయి ఎవరికి దొరికితే ఆ స్థితి వారిది. అది అతనికి దొరికితే, అంటే అతని కుడి చేయి నా ఎడమ చంక కిందికి వస్తే, నన్ను వెల్లకిలా తిప్పేసి తీరిగ్గా దాటుతాడు. నాకు దొరికితే నేను అతని రొమ్ము కిందికి తల పెట్టి, మోచేతి మీద లేచి, తర్వాత మోకాళ్ళ మీద లేస్తాను. మన సామెత ఎవరిని ఎత్తిపొడవడానికి పుట్టిందో తెలియదు గానీ, ఈ క్షణంలో అది అక్షరాలా జరుగుతున్న విషయం: కింద పడ్డవాడే, పైచేయి అతనిదే.

మూడు నెలల గడువు తీరాక కోచ్ నన్ను స్వీప్ వేయమన్నారు. అప్పుడు నాకు అర్థమైందేమిటంటే, ఆ స్వీప్‌లో కొత్తగా నేర్చుకోవలసింది చాలా తక్కువ. అండర్‌హుక్‌తో లేచి అతని పక్కకు చేరేసరికి నా కుడి చేయి అతని ఎడమ మోకాలినో పాదాన్నో పట్టుకుంటుంది. అటువైపు ఊతం పోతుంది, నేను భుజంతో ముందుకు తోస్తాను, అతను పడతాడు. పడకుండా ఉండడానికి అతను బరువంతా నా మీదికి వేసి, నా చేతి మీదుగా తన చేతిని చుట్టి అదిమితే, ఆ బరువునే తీసుకుని నేను కింద నుంచి ఇటువైపుకు దొర్లుతాను, అప్పుడూ అతను పడతాడు. రెండూ కాకుండా కాళ్ళు చాచి నేలకు బల్లిలా అతుక్కుపోతే అతని వీపు నాకు తెరుచుకుంటుంది. ఈ మూడింటినీ నేను మూడు టెక్నిక్‌లుగా గతంలో రాసుకున్నాను, పేర్లతో సహా. అవి మూడు కావు. ఒకే స్థితిలో అతను ఇవ్వగల మూడు జవాబులకు నా ఒళ్ళు ఇచ్చే మారుమాటలు. నేను గతంలో కంఠస్థం చేసింది జవాబులను, ప్రశ్న వేయడం మాత్రం నేర్చుకోలేదు.

ఇక్కడే నా అసలు వాదన ఉంది. గార్డ్‌ను స్వీప్ నుంచి వెనక్కు నేర్చుకోకూడదు. అతి చెడ్డ స్థితి నుంచి, అంటే వెల్లకిలా పరిచేసి, తల తిప్పేసి, అండర్‌హుక్ పైవాడి చేతిలో ఉన్న స్థితి నుంచి, ఒక్కొక్క మెట్టూ పైకి నేర్చుకోవాలి. మా దగ్గర ఇప్పుడు వారానికి రెండు రోజులు సరిగ్గా అలాగే చేస్తున్నాం. రోల్ అక్కణ్ణించే మొదలవుతుంది. పైవాడి పని దాటడం, కిందివాడి పని పక్కకు తిరగడం మాత్రమే. తిరిగితే ఆగి మళ్ళీ మొదలుపెడతాం. రెండు నిమిషాల తర్వాత స్థానాలు మార్చుకుంటాం. పైవాడు పూర్తి బలంతో కాకపోయినా నిజంగానే ఎదురు తిరుగుతాడు. ఎదురు తిరగని మనిషి మీద వందసార్లు చేసిన కదలిక కంటే, ఇలా ఎదురు తిరిగే మనిషి మీద పదిసార్లు విఫలమై పదకొండోసారి కుదిరిన కదలిక ఒంట్లో ఎక్కువ కాలం ఉంటుందని నా అనుభవం. హాఫ్ గార్డ్‌కు ఈ సాధన బాగా కుదురుతుంది, ఎందుకంటే కిందివాడికి ఇంకా పోగొట్టుకోవడానికి కొంత, సాధించుకోవడానికి కొంత, రెండూ మిగిలి ఉంటాయి.

నా వాదనకు అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో నేను గౌరవించేవాళ్ళూ ఉన్నారు. హాఫ్ గార్డ్ ముందుగా నేర్పితే కొత్తవాడు దాటనివ్వకుండా కాళ్ళు ఆడించడం ఎప్పటికీ నేర్చుకోడనీ, పైవాడు సగం దాటేదాకా ఊరుకుని అక్కడ హాయిగా స్థిరపడిపోతాడనీ ఒక సీనియర్ నాతో గట్టిగానే అన్నారు. ఈ ప్రమాదం నిజమే. నాలో కూడా అది కొంత ఉంది. పైవాడు నిలబడి ఆడుతున్నప్పుడు దూరం నుంచి అతన్ని కాళ్ళతో అదుపు చేయడం నాకు ఇప్పటికీ సరిగా రాదు, రెండేళ్ళు ఒకే చోట ఉండడానికి నేను చెల్లించిన ధర అది. అయినా ఆ సీనియర్ మాటకు నా జవాబు ఒకటుంది. దాటితే ఏమవుతుందోనన్న భయం ఉన్నవాడు దూరపు గార్డ్‌లలో ప్రయోగాలు చేయడు, కాళ్ళు బిగబట్టుకుని కూర్చుంటాడు. సగం దాటినా తిరిగి లేవగలనన్న ధైర్యం వచ్చాకే నేను నిలబడ్డవాణ్ణి కాళ్ళతో అదుపు చేసే డెలా హీవా లాంటి గార్డ్‌లను పోగొట్టుకుంటానన్న బెంగ లేకుండా ప్రయత్నించడం మొదలుపెట్టాను. వెనక ఒక ఆసరా ఉన్నవాడే ముందుకు అడుగేస్తాడు.

దెబ్బల విషయంలో రెండో అభ్యంతరం ఉంది. హాఫ్ గార్డ్‌లో మోకాలు మెలిపడే అవకాశం ఎక్కువనీ, బరువైనవాడు పైన పడితే పక్కటెముకలు నలుగుతాయనీ అంటారు. నాకు పక్కటెముక ఒకసారి నలిగింది, ఐదు వారాలు దగ్గినప్పుడల్లా నొప్పి పెట్టింది. అయితే అది జరిగింది నేను వెల్లకిలా ఉన్న రోజుల్లో, స్వీప్ మీద ఆశతో తల వదిలేసిన రోజుల్లో. కొత్తవాళ్ళకు నేను ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను: చిక్కిన కాలిని మీ పాదాలతో మెలివేసి బిగించి, అతను లాగుతున్నప్పుడు కూడా వదలకుండా ఉండకండి. అతని మోకాలికీ మీ మోకాలికీ అది మంచిది కాదు. కాలు పోతే పోనిచ్చి మళ్ళీ పక్కకు తిరగండి.

నిజమైన గొడవలో గుద్దులు పడుతుంటే ఇలా పడుకుంటావా అన్న ప్రశ్న మూడోది, దీన్ని ఎక్కువగా మా ఇంట్లోవాళ్ళు, ఆఫీసువాళ్ళు అడుగుతారు. గుద్దులు ఉన్నచోట కింద ఉండడం ఏ గార్డ్‌లోనైనా మంచిది కాదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. అండర్‌హుక్ పట్టుకుని లేవడం అలవాటైనవాడు కనీసం లేవడం నేర్చుకుంటాడని మాత్రం అంటాను.

క్లోజ్డ్ గార్డ్ నేర్పవద్దని నేను అనడం లేదు. మొదటి సంవత్సరం రెండో సగంలో నేర్పండి, ఒళ్ళు కొంత వదులయ్యాక నేర్పండి. పదిహేనేళ్ళ పిల్లలకు మొదటే నేర్పండి, వాళ్ళ తుంటి ఎలా తిప్పితే అలా తిరుగుతుంది. నా మాట ఆలస్యంగా వచ్చినవాళ్ళ గురించి, బరువు తక్కువవాళ్ళ గురించి, చెప్పేవాళ్ళు తక్కువగా ఉన్న ఊళ్ళలో సాధన చేసేవాళ్ళ గురించి. వాళ్ళు మూడో నెలలో మానేయడం నేను చాలాసార్లు చూశాను. మానేసేవాళ్ళలో ఎవరూ "నాకు ఆర్మ్‌బార్ రావడం లేదు" అని మానేయరు. "ఊపిరాడడం లేదు" అని మానేస్తారు. పక్కకు తిరగడం మొదటి రోజే నేర్పి ఉంటే వాళ్ళలో కొందరైనా ఈ రోజు మాతో ఉండేవారని నాకు బలంగా అనిపిస్తుంది, అది తలుచుకుంటే బాధగానూ ఉంటుంది.

పోయిన నెలలో ఒక కొత్త అబ్బాయి నా కింద పడ్డాడు. చేరి రెండు వారాలైంది, కాలేజీ కుర్రవాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. నా కాలిని రెండు కాళ్ళతో కరిచి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. నేను బరువు కొంచెం తగ్గించి, "కుడివైపుకు తిరగండి, నాకు ఎదురుగా," అన్నాను. తిరిగాడు. కళ్ళు తెరిచాడు. "ఇప్పుడు ఆ పై చేయి నా చంక కిందికి," అన్నాను. ఆ చేయి రావడానికి మూడు ప్రయత్నాలు పట్టింది. వచ్చాక అతను ఏమీ చేయలేదు, ఏం చేయాలో అతనికి తెలియదు. కానీ నా రొమ్ము అతని మీద నుంచి లేచింది, నేను నా ఎడమ చేతిని నేల మీద ఆనించి నిలదొక్కుకోవలసి వచ్చింది.

నేను ఇందాకటి నుంచి చెప్పినదంతా నా కుడి తుంటి మీద జరిగే ఆట. ఎడమ తుంటి మీద, అంటే అతని ఎడమ కాలు నా కాళ్ళ మధ్య చిక్కినప్పుడు, నాకు ఇంకా ఇందులో సగం కూడా రాదు. నా తల ఆలస్యంగా కదులుతుంది, చేయి తప్పు చోట దూరుతుంది. ఈ సోమవారం నుంచి అటువైపు మొదలుపెట్టాను, వెల్లకిలా పరిచేసిన స్థితి నుంచే. కోచ్ మళ్ళీ మూడు నెలలు అన్నారు.